వేషం దొరికే దాకా: అనిల్ కపూర్ మొదటి నాలుగేళ్ళు

మా తమ్ముడు ఆరేళ్ళుగా హైదరాబాదులో వేషాల కోసం తిరుగుతున్నాడు. కృష్ణానగర్‌లో ఇంకో ఇద్దరితో కలిసి ఒక గది, ఆడిషన్లకి ఫోన్లో వీడియోలు తీసి పంపడం, ఎప్పుడో ఒక సీరియల్లో కానిస్టేబులు, ఇంకెప్పుడో ఒక సినిమాలో హీరో ఆఫీసులో పక్క సీటు కుర్రాడు. మొన్న పండక్కి ఇంటికి వచ్చినప్పుడు మొహం వేలాడేసుకుని కూర్చుంటే, ధైర్యం చెబుదామని అనిల్ కపూర్ సంగతి ఎత్తాను. నాలుగేళ్ళు చిన్నా చితకా వేషాలు వేశాడ్రా, మొదటిసారి హీరో అయింది హిందీలో కూడా కాదు, మన తెలుగులో, బాపుగారి సినిమాలో, అని ఏదో చెప్పుకుపోతున్నాను. వాడు నేను పూర్తి చేసేదాకా ఆగి, "అక్కా, వాళ్ళ నాన్న ప్రొడ్యూసర్. మన నాన్న లైన్‌మన్‌గా రిటైరయ్యాడు" అన్నాడు.

నా దగ్గర జవాబు లేకపోయింది. కోపంగా అన్న మాట కూడా కాదది, లెక్క చెప్పినట్టు చెప్పాడంతే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను చిన్నప్పటినుంచీ అనిల్ కపూర్ అభిమానిని, 'మిస్టర్ ఇండియా' ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ఆయన మొదటి రోజుల గురించి దొరికిందల్లా చదివాను, ఆ సినిమాలు దాదాపు అన్నీ చూశాను. ఇన్నేళ్ళుగా ఆ కథని నేను ఒకే రకంగా చెప్పుకుంటూ వస్తున్నాను: కష్టపడ్డాడు, ఓపిక పట్టాడు, గెలిచాడు. తమ్ముడు ఒక్క వాక్యంతో దాన్ని పక్కన పెట్టేశాక మళ్ళీ మొదటినుంచి ఆలోచించాల్సి వచ్చింది. ఇద్దరిలో ఎవరిది తప్పో తేల్చడానికి కాదు, అసలు ఆ నాలుగేళ్ళలో ఏం జరిగిందో సరిగ్గా చూద్దామని.

ముందు తమ్ముడి వైపు నుంచే మొదలుపెడతాను. అనిల్ తండ్రి సురీందర్ కపూర్ నిర్మాత, నిజమే. పృథ్వీరాజ్ కపూర్‌కి బంధువు. నటి గీతా బాలికి సెక్రటరీగా పనిచేసి, తర్వాత నిర్మాత అయ్యాడు. రాజేష్ ఖన్నాతో 1972లో 'శెహజాదా' తీశాడు. అయినా కుటుంబం ఉండేది బొంబాయిలోని చెంబూరులో, సినిమా తారలుండే పాలీ హిల్ బంగళాల్లో కాదు. ఇండస్ట్రీలో నలుగురూ గౌరవించే మనిషే గానీ, కొడుకు కోసం కోట్లు కుమ్మరించి సినిమా తీసే స్థితి కాదు. నిర్మాతల్లో కూడా మెట్లుంటాయి. బయటినుంచి చూసేవాళ్ళకి అందరూ ఒకటే మెట్టు మీద ఉన్నట్టు కనిపిస్తారు.

ఈ తేడా ఎంతదో తెలియాలంటే ఆ రోజుల్లో మిగతా వారసులు ఎలా వచ్చారో చూడాలి. 1981లో రాజేంద్ర కుమార్ కొడుకు కుమార్ గౌరవ్‌ని 'లవ్ స్టోరీ'తో పరిచయం చేశాడు, ఆర్.డి. బర్మన్ పాటలతో సహా సినిమా దేశమంతా ఊగిపోయింది. అదే ఏడాది సునీల్ దత్ స్వయంగా దర్శకత్వం వహించి సంజయ్‌ని 'రాకీ'లో తెచ్చాడు. సంజయ్ తల్లి, నటి నర్గీస్ చనిపోయిన కొద్ది రోజులకే ఆ సినిమా విడుదలైంది, ఆ దుఃఖం కూడా జనం మనసులో ఉంది. 1983లో ధర్మేంద్ర 'బేతాబ్'తో సన్నీని దించాడు. ఈ మూడింటిలోనూ కుర్రాడే సినిమా. పోస్టరు అతనిది, పాటలు అతనివి, కథ అతని కోసం. దీన్నే మనవాళ్ళు లాంచింగ్ అంటారు.

అనిల్ కపూర్‌కి లాంచింగ్ లేదు. 1979లో ఉమేష్ మెహ్రా తీసిన 'హమారే తుమ్హారే'లో ఒక చిన్న వేషం వేశాడు, అప్పటికి అతని వయసు 22. తర్వాతి ఏడాది 'ఏక్ బార్ కహో'లో మరో చిన్న వేషం. అదే 1980లో సొంత ఇంట్లోనే 'హమ్ పాంచ్' తయారైంది. తండ్రి, అన్న బోనీ కలిసి తీస్తున్న సినిమా, దర్శకుడు మన బాపు, కన్నడంలో పుట్టణ్ణ కణగాల్ తీసిన 'పడువారళ్ళి పాండవరు'కి హిందీ రూపం. ఊరి జమీందారుకి ఎదురు తిరిగే ఐదుగురు కుర్రాళ్ళ కథ. పేరులోనే ఐదుగురున్నారు కదా, ఆ ఐదుగురిలో ఒకడిగా ఇంటి కుర్రాడిని పెట్టుకోవచ్చు, ఎవరూ అడ్డం చెప్పరు. పెట్టలేదు. మిథున్ చక్రవర్తి, నసీరుద్దీన్ షా, రాజ్ బబ్బర్, గుల్షన్ గ్రోవర్ వంటివాళ్ళు వేశారు, పైన సంజీవ్ కుమార్, ఎదురుగా అమ్రీష్ పురి. సినిమా బాగా ఆడాలి, పెట్టిన డబ్బు వెనక్కి రావాలి, కాబట్టి తెలిసిన మొహాలు కావాలి. నిర్మాత ఇంట్లో పుట్టడమంటే ఇది కూడా అని నాకు అప్పుడే అనిపించింది: నీ ఇంటి భోజనాల బల్ల దగ్గరే నీకు మార్కెట్టు లేదని తేల్చేస్తారు.

ఇక్కడే మన కథ మొదలవుతుంది.

బాపు ఆ ఏడాదే తెలుగులో 'వంశవృక్షం' తీశారు. ఎస్.ఎల్. భైరప్ప కన్నడ నవల అది, గిరీష్ కర్నాడ్, బి.వి. కారంత్ కలిసి అంతకుముందే కన్నడంలో సినిమాగా తీశారు. శాస్త్రం తప్పని పండితుడు, భర్త పోయిన కోడలు, ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటానంటే కుటుంబంలో రేగే తుఫాను, చివరికి ఆ పండితుడు నమ్ముకున్న వంశమే ప్రశ్నగా మారడం. మన జె.వి. సోమయాజులుగారు, 'శంకరాభరణం' శంకరశాస్త్రిగా ఇంటింటికీ తెలిసిపోయిన ఆ రోజుల్లోనే, ఈ సినిమాలో కూడా ఉన్నారు. ఆ సినిమాలో హీరో, ఏ భాషలోనైనా మొట్టమొదటిసారి హీరో, బొంబాయినుంచి వచ్చిన ఈ సన్నటి కుర్రాడు అనిల్ కపూర్.

నేను దాన్ని మొదటిసారి చూసినప్పుడు అమ్మ పక్కన కూర్చుని ఉంది. కాసేపు చూసి "ఈ అబ్బాయెవరే, మన తెలుగు మొహం కాదే" అంది. పేరు చెబితే నమ్మలేదు. నిజానికి నాకే నమ్మబుద్ధి కాలేదు, ఎందుకంటే 'రామ్ లఖన్'లో రోడ్డుమీద ఎగిరి గంతులేసే మనిషి ఇక్కడ గొంతు, చెయ్యి, నడక అన్నీ తగ్గించుకుని ఉన్నాడు. ఆ కథలో బరువంతా సోమయాజులుగారిదీ, ఆ కోడలిదీ. కుర్రాడి పని ఆ బరువుకి అడ్డం రాకుండా నిలబడడం. రాని భాష, తెలియని ఊరు, ఎదురుగా అంత పెద్ద నటుడు. 23 ఏళ్ళవాడికి అది చిన్న పరీక్ష కాదు. హిందీ పత్రికల్లో, టీవీ కార్యక్రమాల్లో ఆయన జీవితం గురించి చెప్పేటప్పుడు ఈ సినిమా ఒక్క వాక్యంలో దాటిపోతుంది, ఒక్కోసారి అదీ ఉండదు, 'వో సాత్ దిన్' దగ్గరే కథ మొదలుపెట్టేస్తారు. ఇది నాకు బాధగా ఉంటుంది. మన బాపుగారి పేరు రాలేదన్న అభిమానం ఒక్కటే కాదు, ఆ సినిమా లేకపోతే తర్వాతి మూడేళ్ళు అర్థం కావని.

సరే, తమ్ముడు ఇక్కడ కూడా అడ్డుపడ్డాడు. "బాపుగారు ఆ ఛాన్సు ఎందుకిచ్చారు? వాళ్ళ నాన్న సినిమా తీస్తున్నారు గనకే కదా పరిచయం?" అవును. 'హమ్ పాంచ్' లేకపోతే బాపుగారికి ఆ కుర్రాడు తెలిసే అవకాశం తక్కువ. దీన్ని ఒప్పుకోకుండా దాటవేయడం తప్పని ఇప్పుడు నాకు అనిపిస్తోంది. కానీ తండ్రి డబ్బు పెట్టిన హిందీ సినిమాలో రాని హీరో వేషం, తండ్రికి ఏ సంబంధమూ లేని తెలుగు సినిమాలో వచ్చింది. పరిచయం గుమ్మం దాకా తీసుకెళ్ళింది. లోపలికి రమ్మన్నది బాపుగారి కన్ను. బొమ్మ గీసే మనిషి ఆయన, ఒక మొహాన్ని చూసి అందులో ఏ గీత ఉందో చెప్పగలరు.

హీరోగా ఒక సినిమా చేశాక మామూలుగా ఎవరైనా ఏం చేస్తారు? ఇక హీరో వేషాలే వేస్తామని పట్టుబడతారు. తెలుగులో హీరోగా చేసి వచ్చిన ఈ కుర్రాడు బొంబాయి వెళ్ళి మళ్ళీ చిన్న వేషం వేశాడు. 1982లో రమేష్ సిప్పీ తీసిన 'శక్తి'. దిలీప్ కుమార్, అమితాబ్ బచ్చన్ తండ్రీ కొడుకులుగా నటించిన సినిమా, ఆ ఇద్దరూ కలిసి కనిపిస్తేనే జనానికి పండగ. అందులో అనిల్ కపూర్ ఎక్కడున్నాడో చాలామందికి గుర్తుండదు. మొదట్లో, రైల్వే స్టేషన్లో, ముసలి దిలీప్ కుమార్ ఎదురుగా నిలబడే మనవడు అతనే. తనకీ పోలీసు ఉద్యోగం చెయ్యాలని ఉందంటాడు, తాత కథ చెప్పడం మొదలుపెడతాడు. అక్కడినుంచి సినిమా అంతా తాత, తండ్రులదే. అంటే అనిల్ పని ఆ కథ వినడం. ఇంకొకరు ఆ వేషం ఇస్తే తీసుకునేవారా? అమితాబ్‌కి కొడుకుగా కనిపిస్తే రేపు హీరోగా ఎవరు తీసుకుంటారన్న భయం వెయ్యదా?

నేను కాలేజీలో ఉన్నప్పుడు ఒక నాటకం వేశాం. నాకు నాలుగు మాటలున్న పక్కింటావిడ వేషం ఇచ్చారు. హీరోయిన్ నేనే అవుతానని ఊళ్ళో అందరికీ చెప్పుకుని ఉన్నాను, అవమానంగా అనిపించి మానేశాను. నాటకం బాగా ఆడింది, జిల్లా పోటీలకి వెళ్ళింది, నేను ఇంట్లో ఉన్నాను. తర్వాత మళ్ళీ నన్నెవరూ పిలవలేదు, పిలవరు కూడా. ఇది చెప్పడం ఎందుకంటే, చిన్న వేషం ఒప్పుకోవడం అణకువ అని అందరూ అంటారు గానీ అది అణకువ కంటే కష్టమైంది. జనం చూస్తారు, లెక్క కడతారు, "ఇంతేనా" అంటారు. ఆ చూపు భరించడానికి ఏదో ఒక ఆసరా కావాలి.

ఆసరా అన్నాను కదా, అనిల్ కపూర్‌కి తండ్రి ఇచ్చింది అదేనని ఇప్పుడు నాకు అర్థమవుతోంది. వేషం ఇవ్వలేకపోయాడు గానీ టైము ఇచ్చాడు. ఇంటి అద్దె గురించి ఆలోచించక్కర్లేదు. రాత్రికి అన్నం ఉంటుంది. "ఇంకెన్నాళ్ళురా, ఏదైనా ఉద్యోగం చూసుకో" అనే మనిషి ఇంట్లో లేడు, ఎందుకంటే ఇంట్లో అందరి ఉద్యోగమూ అదే. 1979 నుంచి 1983 దాకా నాలుగేళ్ళు ఒక మనిషి నిలదొక్కుకోకుండా తిరగాలంటే ఎవరో ఒకరు ఆ ఖర్చు మోయాలి. మా తమ్ముడి ఆరేళ్ళ ఖర్చు నాన్న పెన్షనూ, నేను నెలనెలా పంపే ఐదు వేలూ మోస్తున్నాయి, అదీ వాడికి ప్రతి నెలా మొహమాటమే. వారసత్వం అనగానే మనం వేషాల గురించే కొట్లాడుకుంటాం, ఎవరికి ఛాన్సు వచ్చింది, ఎవరిది లాక్కున్నారు అని. అసలు తేడా అంతకంటే ముందే, ఎవరు ఎంతకాలం ఎదురుచూడగలరు అన్న చోటే పడిపోతుంది. ప్రతిభ ఉండీ రెండో ఏడాదికే ఊరెళ్ళిపోయినవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. వాళ్ళు ఓడిపోయారని కూడా అనలేం. బస్సు టికెట్టు డబ్బులు అయిపోయాయి, అంతే.

ఇంత ఒప్పుకున్నాక కూడా నాకు ఒక మాట మిగిలింది, దాన్ని మాత్రం వదలను. టైము చాలామంది వారసులకి దొరికింది. దాన్ని ఏం చేశారన్నది వాళ్ళవాళ్ళది.

అనిల్ ఆ టైముని మళ్ళీ దక్షిణాదికే తెచ్చాడు. 1983 మొదట్లో కన్నడంలో 'పల్లవి అనుపల్లవి' వచ్చింది. అప్పటికి ఎవరికీ తెలియని ఒక కుర్రాడి మొదటి సినిమా అది, ఆ కుర్రాడి పేరు మణిరత్నం. ఇళయరాజా సంగీతం, బాలు మహేంద్ర కెమెరా, పక్కన లక్ష్మి. భర్తకి దూరంగా బిడ్డతో ఉంటున్న, తనకంటే వయసులో పెద్దదైన స్త్రీతో ఒక యువకుడికి కుదిరే స్నేహం, దాన్ని లోకం చూసే చూపు, ఆ కుర్రాడిని ప్రేమించే మరో అమ్మాయి. ఎంత సున్నితమైన కథో చూడండి. సినిమా పెద్దగా ఆడలేదు. దానికి స్క్రీన్‌ప్లేకి కర్ణాటక రాష్ట్ర అవార్డు వచ్చింది గానీ అనిల్ కపూర్‌కి దానివల్ల బొంబాయిలో ఒక్క మెట్టు కూడా ఎక్కే అవకాశం లేదు. లెక్కలు వేసుకునే మనిషి చెయ్యాల్సిన సినిమా కాదు. కానీ బాపు, బాలు మహేంద్ర, మణిరత్నం, సోమయాజులు, లక్ష్మి! ఇరవయ్యో పడిలో ఒక నటుడికి ఇంతకంటే మంచి బడి ఏ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంటుంది? ఆ ఏడాది ఆ సినిమాని పట్టించుకోని బొంబాయి, తర్వాత అదే మణిరత్నం దగ్గర నటించడానికి వరస కట్టింది.

ఇప్పుడు 'వో సాత్ దిన్'. జూన్ 1983. ఇదే హిందీలో ఆయన హీరోగా మొదటి సినిమా, తీసింది ఇంటివాళ్ళే. తమ్ముడి వాదనకి ఇదే పెద్ద బలం, కాబట్టి దీని దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. తమిళంలో భాగ్యరాజ్ రాసి, తీసి, నటించిన 'అంద ఏళు నాట్కళ్' దీనికి మూలం. 1981లోనే బాపు దాన్ని తెలుగులో 'రాధా కల్యాణం'గా తీశారు, చంద్రమోహన్, రాధిక, శరత్‌బాబు. మనలో చాలామందికి ఆ కథ తెలుసు. సంగీతం మీద పిచ్చితో హార్మోనియం పట్టుకుని పట్నం వచ్చిన అమాయకుడు, అద్దెకు దిగిన ఇంటి అమ్మాయి ప్రేమ, ఆమెకి బలవంతంగా ఇంకొకరితో పెళ్ళి, పెళ్ళయ్యాక ఆ భర్తే ఆమెని ప్రేమించినవాడి దగ్గరికి చేర్చాలనుకోవడం. చివరికి ఆ అమాయకుడు, నా ప్రేయసి మీ భార్య కాగలదు గానీ మీ భార్య నా ప్రేయసి కాలేదు అన్న అర్థం వచ్చే మాట చెప్పి పక్కకి తప్పుకుంటాడు.

తప్పుకుంటాడు! ఇది లాంచింగ్ సినిమా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 'లవ్ స్టోరీ', 'బేతాబ్', అదే ఏడాది చివర్లో సుభాష్ ఘయ్ తీసిన 'హీరో', అన్నిట్లోనూ కుర్రాడు పెద్దవాళ్ళని ఎదిరించి పిల్లని గెలుచుకుంటాడు. కొత్త హీరో అంటే గెలవాలి, అది రాయని రూలు. 'వో సాత్ దిన్'లో కొత్త హీరోకి పిల్ల దక్కదు, పోరాడడు, గుర్రమెక్కడు, బైకెక్కడు. పైగా ఎదురుగా భర్త వేషంలో నసీరుద్దీన్ షా. ఆయన ఒక్క చూపుతో సీను మొత్తం తనవైపు లాక్కోగలడు. హీరోయిన్ పద్మినీ కొల్హాపురే అప్పటికే 'ప్రేమ్ రోగ్'తో అనిల్ కంటే ఎంతో పెద్ద పేరున్న నటి. సొంత డబ్బుతో సొంత కుర్రాడి కోసం సినిమా తీసేవాళ్ళు ఇలాంటి కథ ఎందుకు ఎంచుకుంటారు? ఇలాంటి వేషం చేయగలడని వాళ్ళకి నమ్మకం ఉండాలి, ఆ నమ్మకం 'వంశవృక్షం' చూసినవాళ్ళకే ఉంటుంది. దర్శకుడి కుర్చీలో మళ్ళీ బాపే కూర్చోవడం ఊరికే జరగలేదు. మూడేళ్ళ కింద తెలుగులో వేసిన విత్తనం అది.

ఆ సినిమాలో అనిల్ నటన చూస్తే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. పటియాలానుంచి వచ్చిన ప్రేమ్ ప్రతాప్ అతని పేరు, తమిళంలో పాలక్కాడు మాధవన్. తమిళంలో మలయాళీ యాసతో నవ్వించిన చోట హిందీలో పంజాబీ యాస. నవ్విస్తూ నవ్విస్తూనే ఆ మనిషికి ఈ ఊళ్ళో ఎవరూ లేరన్న సంగతి మనకి చెప్పేస్తాడు. నాలుగేళ్ళు తలుపుల దగ్గర నిలబడ్డవాడికి అది నటన ఒక్కటే అయ్యుండదని నా నమ్మకం.

ఆ తర్వాత వేగంగా జరిగినట్టు కనిపిస్తుంది గానీ సాఫీగా ఏమీ జరగలేదు. 1984లో యశ్ చోప్రా 'మశాల్' వచ్చింది. 'శక్తి'లో ముసలి దిలీప్ కుమార్ కథ వింటూ నిలబడ్డ మనవడు, ఏడాదిన్నర తిరక్కుండా అదే దిలీప్ కుమార్‌తో సీను సీనుకీ ఢీకొట్టే వీధి రౌడీ రాజా అయ్యాడు. ఆ సినిమా అనగానే అందరికీ గుర్తొచ్చేది రాత్రివేళ నడిరోడ్డు మీద, చనిపోతున్న భార్య కోసం దిలీప్ కుమార్ వచ్చే పోయే కార్లని ఆపమని అరిచే సీను. అది దిలీప్ సాబ్ సినిమా, సందేహం లేదు. ఆయన పక్కన నిలబడి మాయమైపోకుండా ఉండడమే కష్టం, అలాంటిది అనిల్‌కి ఉత్తమ సహాయ నటుడిగా ఫిలింఫేర్ అవార్డు వచ్చింది, అదే అతని మొదటి ఫిలింఫేర్. సినిమాకి మాత్రం బాక్సాఫీసు దగ్గర వాళ్ళు ఆశించినంత రాలేదు. అదే ఏడాది 'లైలా', 'లవ్ మ్యారేజ్' లాంటివి వచ్చాయి, పోయాయి. అవార్డు తెచ్చిన సినిమా వచ్చిన ఏడాదే ఫ్లాపులూ వచ్చాయి. 1985లో 'మేరీ జంగ్'లో తండ్రిని ఉరికంబం ఎక్కించిన లాయరు మీద పగ పట్టిన లాయరుగా చేశాకే అతన్ని నమ్మి సినిమా మొత్తం భుజాన పెట్టొచ్చని జనానికి అనిపించింది. అంటే మొదటి చిన్న వేషంనుంచి ఆరేళ్ళు. మా తమ్ముడివి కూడా ఆరేళ్ళే, అది రాస్తుంటే ఇప్పుడే తట్టింది.

నాకు ఇంకో సంగతి బాగా నచ్చుతుంది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళు ఆ రంగంలో ఎక్కువ. 'మేరీ జంగ్' వచ్చిన ఏడాదే బాపుగారు 'మొహబ్బత్' తీస్తే అందులో అనిలే హీరో. 'తేజాబ్'తో ఉత్తమ నటుడి ఫిలింఫేర్ వచ్చి, 'రామ్ లఖన్'తో దేశమంతా ఊగిపోతున్న 1989లో, కె. విశ్వనాథ్‌గారు 'స్వాతిముత్యం'ని హిందీలో 'ఈశ్వర్'గా తీశారు. కమల్ హాసన్ చేసిన శివయ్య వేషం. అప్పటి అనిల్ కపూర్‌కి కండలు, డాన్సులు, స్టైలు కావాలని జనం డబ్బులిస్తున్నారు. ఆ టైములో మనసెదగని అమాయకుడిగా, పంచె కట్టుకుని, విజయశాంతి పక్కన. కమల్‌తో పోలుస్తారని తెలిసీ చేశాడు. పోల్చారు కూడా. నాకు వ్యక్తిగతంగా శివయ్యే ఎక్కువ ఇష్టం, అయినా ఆ నిర్ణయం మీద గౌరవం పెరిగిందే గానీ తగ్గలేదు.

'మిస్టర్ ఇండియా' కూడా నేను ఈ మధ్య ఇదే కళ్ళతో చూశాను. మొదట అమితాబ్ బచ్చన్ కోసం అనుకున్న కథ అది, సలీం-జావేద్ కలిసి రాసిన వాటిలో చివరిది. సినిమా పేరు హీరోది, కానీ అసలైన సీన్లలో హీరో కనిపించడు, మాయమైపోతాడు. నవ్వించేది శ్రీదేవి, భయపెట్టేది అమ్రీష్ పురి, ముద్దొచ్చేది పిల్లలు. 1987 నాటికి స్టారైన మనిషి, తెరమీద కనబడకుండా ఉండే హీరో వేషానికి ఒప్పుకున్నాడు. ఇది కూడా ఇంటి సినిమానే, అన్న బోనీ తీసిందే. కానీ 'శక్తి'లో కథ వింటూ నిలబడ్డ కుర్రాడే ఇలాంటిది చేయగలడు. మొదటి రోజునుంచీ పోస్టరు మీద పెద్ద బొమ్మ తనదే అయినవాళ్ళకి ఇది తట్టదు. కుమార్ గౌరవ్ గురించి ఆలోచిస్తే నాకు జాలి వేస్తుంది, మంచి అందగాడు, చెడ్డ నటుడు ఏమాత్రం కాదు. మొదటి సినిమాయే ఆకాశమంత ఎత్తున కూర్చోబెట్టింది, అక్కడినుంచి దిగడం తప్ప ఇంకేం మిగలలేదు. 1986లో 'నామ్' వచ్చేసరికి ఇంటి సినిమాలోనే పేరంతా సంజయ్ దత్‌కి వెళ్ళింది. అతనికి చిన్న వేషాల నాలుగేళ్ళు దొరికి ఉంటే ఎలా ఉండేదో.

ఇవన్నీ తమ్ముడికి ఫోన్లో చెప్పాను, ఈసారి ధైర్యం చెప్పడానికి కాదు. నువ్వన్నది నిజమేరా, వాళ్ళ నాన్న ఇచ్చిన టైము మనం నీకు ఇవ్వలేం, ఇంకో రెండేళ్ళు నాకు వీలైనంత పంపుతాను, ఆ తర్వాత ఏం చెయ్యాలో అప్పుడు ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం అన్నాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఒక వెబ్ సిరీస్‌లో రెండు సీన్ల వేషం వచ్చిందనీ, హీరో కథ చెబుతుంటే వినే ఫ్రెండుగా అనీ, చెబితే తక్కువగా ఉంటుందని ఇంట్లో చెప్పలేదనీ అన్నాడు.

నిన్న రాత్రి పదకొండు దాటాక వాడి దగ్గరినుంచి మెసేజ్ వచ్చింది. 'వో సాత్ దిన్' చూస్తున్నాడట, అనిల్ కపూర్ హార్మోనియంతో ఆ ఇంట్లో అద్దెకు దిగే దాకా వచ్చాడట. "అక్కా, ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నప్పుడు ఇతన్ని చూడు, ఎలా వింటున్నాడో" అని రాశాడు. ఆ సీనే వెనక్కి తిప్పి మూడుసార్లు చూశాడట.